హీరోగారి బూటు... బ్రేకు మీద పనికొస్తుందా?

ఛేజింగ్ సీను ఏ భాషా చిత్రంలోనైనా చూడండి, మూడు క్లోజప్పులు ఖాయం! గేరు మీద చెయ్యి, గిర్రున పైకి లేచే స్పీడోమీటరు ముల్లు, యాక్సిలరేటర్ మీద ధబీమని పడే బూటు. హాల్లో ఈలలు పడేది ఆ మూడో దానికే. ఆ బూటేమో నల్లగా నిగనిగలాడుతూ, ఎత్తు మడమతో, పక్కన జిప్పుతో... అబ్బ, ఏం బూటండీ! మర్నాటికల్లా అలాంటి జత ఎక్కడ దొరుకుతుందా అని కుర్రకారు బజారున పడతారు.

ఒక్క చిన్న సంగతి. ఆ క్లోజప్పులో కనిపించే కాలు చాలాసార్లు హీరోగారిది కాదు! దాన్ని ఇన్సర్ట్ షాట్ అంటారు. కారు ఆగి ఉంటుంది. హీరోగారు ఏ పాట చిత్రీకరణలోనో ఉంటారు. యూనిట్లో ఎవరి కాలికి ఆ బూటు పడితే వాళ్లని కూర్చోబెట్టి షాట్ కానిచ్చేస్తారు. కారు కదలదు కాబట్టి ఆ బూటుతో బ్రేకు సరిగ్గా పడుతుందా లేదా అన్న ప్రశ్నే రాదు. ఇక కారు నిజంగా దూసుకుపోయే షాట్లలో స్టీరింగు వెనక ఉన్న డూపు కాలు మన కంటికి కనిపించదు. ఇవాళ నేను చెప్పబోయేది కనిపించని ఆ కాలి సంగతే.

ఎందుకంటారా? ఒకప్పుడు కారు రేసంటే మనవాళ్లకి మద్రాసు అవతల షోళవరం పేరు మాత్రమే తెలుసు. ఇప్పుడలా కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డునే ఫార్ములా ఈ కార్లు రివ్వున తిరిగాయి. సికింద్రాబాదులో పుట్టి, 1993లో మన ‘ప్రేమ పుస్తకం’లో నటించి, తమిళంలో పెద్ద హీరో అయిన అజిత్ కుమార్ 2010లో ఫార్ములా 2 కార్లు నడిపారు. 2025 జనవరిలో దుబాయిలో జరిగిన 24 గంటల రేసులో ఆయన జట్టు తన తరగతిలో మూడో స్థానం కొట్టింది. ఊరి బయట కార్టింగ్ ట్రాకులు వెలిశాయి. కాలేజీ కుర్రాళ్లు, అమ్మాయిలు కూడా, ఆదివారం మ్యాట్నీ మానేసి అక్కడికి వెళ్తున్నారు. హెల్మెట్ ట్రాకు వాళ్లే ఇస్తారు. బూట్లు మాత్రం ఎవరివి వాళ్లవే.

బొంత మీంచి నాడి చూస్తే...

బ్రేకు అనేది లైటు స్విచ్చి కాదు బ్రదర్! వేస్తే వెలగడం, తీస్తే ఆరిపోవడం దానికి తెలీదు. ట్రాకు మీద నడిపేవాడు మలుపు రాకముందే గట్టిగా తొక్కుతాడు. కారు మలుపులోకి తిరుగుతున్నకొద్దీ పాదాన్ని వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా వదులుతాడు. చక్రం బిగుసుకుపోయి జారబోతోందంటే ఆ కబురు ముందు పెడల్లో సన్నని వణుకుగా వస్తుంది. దాన్ని అందుకోవలసింది బొటనవేలి కిందుండే కండ. ఆ కండకీ పెడల్‌కీ మధ్య రెండంగుళాల మెత్తటి రబ్బరుంటే ఏమవుతుంది? బొంత కప్పుకున్న రోగి నాడిని బొంత మీంచే చూసే వైద్యుడి పరిస్థితి అవుతుంది.

మెత్తదనం ఇంకో రకంగా కూడా మోసం చేస్తుంది. ఫార్ములా 1 కారులో బ్రేకు మీద వంద కిలోలకు పైగా బలం పడుతుంది. మీరు వేసిన బలంలో కొంత సోలు నలగడానికే పోతే, పెడల్‌కి చేరింది ఎంతో మీకే లెక్క తెలియదు. జాగింగ్ బూట్లు సుఖంగా ఉంటాయి, నిజమే. కానీ వాటి పని నేల మీద కాలు మోపినప్పుడు తగిలే దెబ్బను మింగెయ్యడం. మనకి కావలసింది సరిగ్గా ఆ దెబ్బే! అందుకే ఈ విషయంలో సుఖమైన బూటు అంటే పరుపులా ఉండేది కాదు, వేసుకున్నట్టు గుర్తు రానిది.

ఇంట్లోనే ఓ పరీక్ష చేసి చూశాను. మీరూ చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. నేల మీద ఓ పెన్సిలు పెట్టి, పాదం ముందు భాగం దాని మీద ఆన్చి అటూ ఇటూ మెల్లగా దొర్లించండి. ముందు వట్టి కాలితో, తర్వాత ఇంట్లో ఉన్న ప్రతి జతతో. మా అబ్బాయి ముచ్చటపడి కొనుక్కున్న ఎత్తు సోలు బూట్లతో దొర్లిస్తే పెన్సిలు ఉందో లేదో కూడా తెలియలేదు. ఆఫీసుకి వేసుకునే తోలు బూట్లతో ఉందని తెలిసింది గానీ ఎక్కడుందో తెలియలేదు. చివరికి అటక మీంచి దించిన పాత తెల్ల కాన్వాసు జోడు వేసి చూద్దును కదా... పెన్సిలుకున్న ఆరు అంచులూ లెక్కపెట్టేటట్టు తగిలాయి! అవే, బడిలో పి.టి. మాస్టారు సుద్ద రాసుకు రమ్మని చెవి మెలేసిన ఆ చవక బూట్లే.

కౌబాయ్ మడమ

మడమ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పాత అభిమానులకి 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’ గుర్తుండే ఉంటుంది. కృష్ణగారు కౌబాయ్‌గా గుర్రమెక్కి వస్తే తెలుగుదేశం ఊగిపోయింది. కౌబాయ్ బూటుకి ఎత్తు మడమ షోకు కోసం పెట్టింది కాదు. గుర్రం జీనుకి వేలాడే రికాబులో పాదం పెట్టినప్పుడు అది అవతలికి జారిపోకుండా ఆ మడమ కొక్కెంలా పట్టుకుంటుంది. అంటే పట్టుకోవడమే దాని ఉద్యోగం. అదే బూటుతో కారెక్కితే? అది తన ఉద్యోగం మానదు! కింద పరిచిన మ్యాట్ అంచునో, పెడల్ అంచునో పట్టుకుంటుంది. యాక్సిలరేటర్ మీంచి బ్రేకు మీదికి కాలు మార్చవలసిన ఆ అరసెకను అక్కడే ఖర్చయిపోతుంది.

డ్రైవింగ్ బూటుకి మడమ వెనక అంచు గుండ్రంగా, పైదాకా తిప్పినట్టు ఎందుకుంటుందో ఇప్పుడు తెలిసిందిగా? డ్రైవరు మడమను నేలకి ఆన్చి, దాన్నే ఇరుసుగా చేసుకుని పాదం తిప్పుతాడు. చదరపు మడమ మీద పాదం తిరగదు, ఒరుగుతుంది.

రేసు డ్రైవర్లు చేసే ఓ గమ్మత్తుంది, ‘హీల్ అండ్ టో’ అంటారు. మలుపు ముందు గేరు తగ్గించేటప్పుడు ఇంజను వేగాన్ని కొంచెం పెంచకపోతే చక్రాలకి కుదుపు తగులుతుంది. ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలు బ్రేకు మీద ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కడానికి మూడో కాలు ఎక్కణ్నుంచి తెస్తారు? కుడి పాదం ముందు భాగంతో బ్రేకు తొక్కుతూనే, అదే పాదం బయటి అంచును దొర్లించి యాక్సిలరేటర్‌ని ఓ చిటికె తాకిస్తారు. పాదాల క్లోజప్పు ఎప్పుడైనా చూస్తే దీని కోసం చూడండి, అది ఉంటే నడిపేవాడు అసలు సిసలు డ్రైవరని అర్థం. బూటు బయటి అంచు వెడల్పుగా, పడవలా ఉంటే ఈ విద్య కుదరదు. పైగా పెడళ్లు దగ్గరగా ఉన్న కారులో బ్రేకు తొక్కబోయి రెండూ కలిపి తొక్కే ప్రమాదముంది. రేసు బూటు అంత బక్కపల్చగా ఉండటానికి కారణమిదే.

ప్లాస్టర్ కట్టు కింద సాండ్ పేపరు

హాలీవుడ్ ఛేజింగులకు తాత లాంటిది ‘బులిట్’. 1968లో వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో దాదాపు పదకొండు నిమిషాల పరుగు. హీరో స్టీవ్ మెక్వీన్ కారు బాగా నడపగలడు. అయినా ప్రమాదకరమైన షాట్లకి డూపుల్నే పెట్టారు. అందులో ఆయన వేసుకున్న స్వెడ్ తోలు బూట్లు ఎంత పేరు తెచ్చుకున్నాయంటే, వాటి నకళ్ల కోసం ఇప్పటికీ ఎగబడేవాళ్లున్నారు. కానీ వాటి అడుగున ఉండేది మందపాటి క్రేపు రబ్బరు. నడకకి భేషుగ్గా ఉంటుంది. పెడల్ మీద మాత్రం నేనైతే వాటికి ఓటెయ్యను!

ఆయన పాదం కథల్లో నాకు నచ్చింది వేరే ఉంది. 1970 మార్చిలో అమెరికాలో సెబ్రింగ్ 12 గంటల రేసు. పీటర్ రెవ్సన్‌తో కలిసి మెక్వీన్ పోర్షే 908 నడపాలి. కొద్ది రోజుల ముందే మోటారు సైకిలు పందెంలో పడి ఎడమ పాదం ఎముక విరిగింది. ప్లాస్టర్ కట్టు వేశారు. ఎడమ కాలంటే క్లచ్ కాలు! ఇంకెవరైనా అయితే ఇంట్లో పడుకుని బత్తాయిలు తినేవారు. ఈయన ఆ కట్టు అడుగున సాండ్ పేపరు అంటించుకుని కారెక్కాడు. పెడల్ మీద కట్టు జారకుండా ఉండాలి కదా మరి! ఎక్కువ గంటలు నడిపింది రెవ్సనే. అయినా ఆ జోడీ మొత్తం మీద రెండో స్థానంలో వచ్చింది. ఫెరారీతో గెలిచిన మారియో ఆండ్రెట్టికీ వీళ్లకీ మధ్య తేడా అరనిమిషం కూడా లేదు. ఈ కథ చదివి కట్టుతో కారెక్కమని నేను చెప్పడం లేదు సుమండీ! సోలుకి పట్టు ఎంత ముఖ్యమో చెప్పడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు, అంతే.

ఆ రోజుల్లోనే ఇటలీలో, సిసిలీ ద్వీపం ఉత్తర తీరాన చెఫలూ అనే ఊళ్లో ఫ్రాన్సిస్కో లిబెర్టో అనే చెప్పులు కుట్టే ఆయన ఉండేవాడు. అందరూ చిచ్చో అని పిలిచేవారు. అక్కడికి దగ్గర్లోనే కొండదారుల మీద టార్గా ఫ్లోరియో రేసు జరిగేది. ఒక్క చుట్టు 72 కిలోమీటర్లు, లెక్కలేనన్ని మలుపులు, గంటల తరబడి పెడళ్ల మీద పాదాల నాట్యం. 1960ల్లో ఇగ్నాజియో జ్యుంటి అనే రేసు డ్రైవరుకి చిచ్చో పల్చటి తోలు అడుగుతో, పాదానికి చర్మంలా అతుక్కునే జోడు కుట్టి ఇచ్చాడు. ఆ కబురు డ్రైవర్ల నోళ్లలో పడింది. పెద్ద పెద్ద పేరున్నవాళ్లు ఆ చిన్న దుకాణం ముందు పాదం కొలతలిచ్చి వెళ్లారు. పాదం కొలిచి కుట్టించుకోవడం! మన ఊళ్లలో ఒకప్పుడు అందరికీ ఉన్న భాగ్యమే అది.

1963లో ఇటలీలోనే జానీ మోస్టిలె అనే ఆయన అడుగున రబ్బరు బొడిపెలున్న మొకాసిన్ జోడుకి పేటెంటు తీసుకున్నాడు. లేసుల్లేని ఆ మెత్తటి జోడు షోకిలా రాయుళ్ల కాళ్లకెక్కింది. రోడ్డు మీద కారు నడపడానికి హాయిగా ఉంటుంది. రేసు మహామహుడు ఐర్టన్ సెన్నా జపాన్‌లోని సుజుకా ట్రాకు మీద హోండా ఎన్.ఎస్.ఎక్స్. కారు నడుపుతుండగా తీసిన ఫిల్ములో పెడళ్ల దగ్గర క్లోజప్పు ఉంది. చూస్తే... తెల్ల మేజోళ్లు, మామూలు లోఫర్లు! ఆ పాదాలు చేసే పని చూస్తే కన్ను తిప్పుకోబుద్ధి కాదు. సెన్నా లోఫర్లతో నడిపాడు కదా అని మీరు బయల్దేరకండి. లోఫరు మడమ దగ్గర వదులైతే సరిగ్గా బ్రేకు తొక్కే క్షణాన జారి కిందపడుతుంది. అదీ పెడల్ కిందే పడుతుంది!

“అన్నా, నీ బూట్లు తీసెయ్‌రా!”

మొన్నామధ్య ఓ కార్టింగ్ ట్రాకు పక్కన ఓ పూటంతా కూర్చున్నాను. అన్నదమ్ములిద్దరు వచ్చారు. అన్నగారు చీలమండ దాకా వచ్చే బరువైన బూట్లలో, అచ్చం ఇంటర్వెల్ ముందు హీరోలా దిగాడు. తమ్ముడివి కాన్వాసు బూట్లు. పచ్చజెండా ఊపగానే అన్న రయ్యిన పోయాడు. మొదటి హెయిర్‌పిన్ మలుపులో కార్టు గిర్రున తిరిగి వెనక్కి చూసింది. రెండో చుట్టులోనూ అంతే, మూడోసారీ అంతే.

కారణం చెప్తాను. అద్దె కార్టుల్లో సాధారణంగా బ్రేకు వెనక చక్రాలకే ఉంటుంది. కాస్త ఎక్కువ తొక్కితే వెనక చక్రాలు బిగుసుకుని తోక తిరిగిపోతుంది. ఎంత తొక్కాలో ఎడమ పాదానికి తెలియాలి. ఆ బూట్లలోంచి ఏం తెలుస్తుంది, పాపం!

రౌండు అయ్యాక తమ్ముడే అన్నాడు, “అన్నా, నీ బూట్లు తీసెయ్‌రా! నావి ఏస్కో.”

“పోరా, ఇవి ఎంతకి కొన్నానో తెల్సా?”

“అందుకే తిరుగుతున్నవ్!”

పక్కన నేను నవ్వితే, “మీరు చెప్పండి అంకుల్” అని నన్ను పంచాయితీలోకి లాగారు. అంకుల్ అన్నందుకు మనసు చివుక్కుమన్నా, తమ్ముడి పక్షానే తీర్పు ఇచ్చాను. బూట్లు మార్చుకున్నాక అన్నగారు ఒక్కసారి తిరిగాడు. తర్వాత తిరగలేదు. బూట్ల మహిమేనా, అలవాటైందా అంటే రెండూ ఉంటాయి. కానీ దిగాక ఆ కుర్రాడే అన్నమాట నిజం: “బ్రేకు యాడ పట్టుకుంటుందో ఇప్పుడు తెలుస్తుంది అంకుల్.”

కార్టు కోసమే చేసిన బూట్లు వేరే ఉంటాయి. కార్టుకి తలుపులుండవు, పాదాలు దాదాపు బయటే ఉంటాయి కాబట్టి అవి పక్కల దృఢంగా, చీలమండ కప్పేలా ఉంటాయి. నెలకోసారి సరదాకి వెళ్లేవాళ్లకి కాన్వాసు జోడు చాలు. లేసుల కొసలు లోపలికి దోపెయ్యాలి. సోలు అరిగి నున్నబడితే ఆ జోడుని తోటపనికి పంపెయ్యాలి.

నిప్పుతో చెలగాటం

నిజంగా రేసుకి దిగేవాళ్లకి మాత్రం కాన్వాసు పనికిరాదు. ‘రష్’ చూశారా? 2013లో వచ్చింది. నికీ లౌడా నిజజీవిత కథ. 1976 ఆగస్టు 1న నూర్‌బర్గ్‌రింగ్‌లో ఆయన కారు మంటల్లో చిక్కుకుంది. ముఖం కాలింది, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఆరు వారాల్లో మళ్లీ రేసుకి వచ్చాడు, అది వేరే సంగతి. అలాంటి మంట నుంచి బయటపడటానికి కొన్ని సెకన్లయినా దొరకాలి. అందుకని రేసు బూటు లోపల నోమెక్స్ వంటి మంటకి ఓర్చే బట్ట వేస్తారు. లేసులు కూడా అలాంటివే. నైలాన్ మేజోళ్లు వేడికి కరిగి చర్మానికి అంటుకుంటాయి కాబట్టి మేజోళ్లు సైతం ఆ బట్టవే వేసుకోవాలి.

ఎఫ్.ఐ.ఏ. అనే ప్రపంచ మోటారు క్రీడా సంస్థ దీనికి 8856-2018 అని ఓ ప్రమాణం పెట్టింది. అది పాసైన బూటు మీద ఆ అంకె ఉన్న చీటీ కుట్టి ఉంటుంది. కొనేముందు రంగు కాదు, ఆ చీటీ చూడండి. మీరు దిగే పోటీ ఏ ప్రమాణం అడుగుతుందో నిర్వాహకుల నిబంధనల్లో చదువుకున్నాకే డబ్బు తియ్యండి.

ఇక్కడే షోకు మోసం చేస్తుంది. 1999లో ప్యూమా వాళ్లు రేసు డ్రైవర్ల బూటు పోలికలతో స్పీడ్‌క్యాట్ తెచ్చారు. అది ఫ్యాషనైపోయింది, ఇటీవల మళ్లీ వీధుల్లోకొచ్చింది. బజార్లో అమ్మే ఆ జోడు పల్చగా, అందంగానే ఉంటుంది. సరదా డ్రైవింగుకి మంచిదే. కానీ నిప్పుకి ఓర్చే బూటు అది కాదు. రూపం ఒకటే, ప్రాణం వేరు. మన హీరోగారూ ఆయన డూపూ లాగా!

కొనేటప్పుడు

రేసు బూట్లు ఎక్కువగా ఇటలీ కంపెనీలవి. అచ్చులు సన్నగా ఉంటాయి. చిన్నప్పట్నుంచీ వట్టి కాళ్లతో, చెప్పులతో పెరిగిన మన పాదాలు వేళ్ల దగ్గర విశాలం. నంబరు సరిపోయినా వేళ్లు నలుగుతాయి. అందుకని పాదం పొడవూ, వెడల్పూ రెండూ సెంటీమీటర్లలో కొలుచుకుని, సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బాక వెళ్లండి. వేసుకోబోయే మేజోళ్లతోనే తొడగండి. మడమ కదలకూడదు, వేళ్లు ఆడాలి. ఇంట్లో ఎడమా కుడీ తేడా ఉంటే పెద్ద పాదానికి కొనండి. నిలబడి చూడటం కాదు, దుకాణంలో కుర్చీలో కూర్చుని, మడమ నేలకి ఆన్చి, లేని బ్రేకు పది నిమిషాలు తొక్కండి. సేల్స్‌మేన్ వింతగా చూస్తాడు. చూడనివ్వండి! చీలమండ ముందు తోలు ముడతపడి ఒరుసుకుంటుంటే ఆ జత వద్దు.

ఇంటికి తెచ్చాక వాటితో వీధులు తిరగొద్దు. ఆ పల్చటి సోలు రోడ్డుకి తట్టుకోదు, పైగా దుమ్మూ నూనే అంటితే పట్టు పోతుంది. ట్రాకుదాకా మామూలు చెప్పులతో వెళ్లి, కారెక్కేముందు మార్చుకోండి. సోలు తడిగా ఉంటే గుడ్డతో తుడవకుండా పెడల్ మీద పెట్టొద్దు.

ట్రాకు మొహం ఎన్నడూ చూడనివాళ్లకీ రెండు ముక్కలున్నాయి. హవాయి చెప్పులతో కారు నడిపేవాళ్లు మనలో కోకొల్లలు. ఆ చెప్పు సగం ఊడి, దాని ముందంచు బ్రేకు కిందకి మడిచి దూరితే, పెడల్ పూర్తిగా దిగదు. చెల్లెళ్లకి ఓ మాట: పెన్సిల్ హీల్సు మీద మడమ నేలకి ఆనదు, పాదం మొత్తం గాల్లో తేలుతుంది. పెళ్లికైనా, ప్రీమియర్ షోకైనా, కారులో ఓ చదును జోడు ఉంచుకుని దిగేముందు మార్చుకోండి. అయితే విప్పిన జోడుని డ్రైవరు కాళ్ల దగ్గర మాత్రం పడెయ్యొద్దు. గట్టిగా బ్రేకు వేసినప్పుడు అది దొర్లుకుంటూ వచ్చి పెడల్ కింద ఇరుక్కుంటుంది. వెనక సీటు దగ్గర సంచిలో పెట్టండి. మంచినీళ్ల సీసాకీ ఇదే వర్తిస్తుంది.

వట్టి కాళ్లతో నడిపితే పోలా అని ఒకాయన నన్ను అడిగారు. పెన్సిలు పరీక్షలో వట్టి కాలికే మొదటి మార్కు వచ్చిన మాట నిజం. కానీ చెమట పట్టిన పాదం పెడల్ మీద జారుతుంది, గట్టిగా తొక్కవలసి వస్తే ఆ సన్నటి ఇనప అంచు అరికాలిని కోస్తుంది, నొప్పికి కాలు తనంతట తనే వెనక్కి తగ్గుతుంది. పల్చటి సోలు కావాలి గానీ, అసలు లేకుండా కుదరదు.

ఇక మోటారు సైకిలు తమ్ముళ్లు ఈ వ్యాసం చూసి పల్చటి రేసు బూట్లు కొనేరు! అది కార్ల వాళ్ల పాఠం. బైకు మీద చీలమండకి రక్షణ కావాలి, గేరు లివరు ఒరిపిడికి తట్టుకునే తోలు కావాలి, పడితే రోడ్డుకి ఓర్చే గట్టి సోలు కావాలి. అక్కడ హీరోగారి బరువు బూటే నయం, మడమ మరీ ఎత్తు లేకపోతే.